పల్లంలో బండిని న్యూట్రల్‌లో వదలొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఘాట్ రోడ్డులో దిగుడు మొదలవగానే మోటారు సైకిలు గేరు తీసేసి, అంటే న్యూట్రల్ చేసి, బండిని దాని మానాన వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంజిన్ చప్పుడు తగ్గిపోతుంది, గాలి హాయిగా తగులుతుంది, పెట్రోలు మిగులుతోందన్న తృప్తి కూడా ఉంటుంది. నేనూ కొన్నేళ్లు అలాగే దిగాను. మానేసి చాలా కాలమైంది. కొత్తగా కొండ రోడ్లకు బయల్దేరేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పండి. న్యూట్రల్‌లో దిగడం సేఫేనా?

కాదు. సిగ్నల్ దగ్గర ఆగబోతూ చివరి పది మీటర్లు న్యూట్రల్‌లో వెళ్తే ఏమీ కాదు. కానీ వాలు మీద, అందులోనూ మలుపులున్న పొడవాటి దిగుడులో, బండిని ఎప్పుడూ గేరులోనే ఉంచాలి. ఒకసారి న్యూట్రల్‌లో దిగి క్షేమంగా కిందికి చేరినంత మాత్రాన అది సురక్షితమైన పద్ధతి అయిపోదు. ఆ రోజు గట్టిగా ఆపాల్సిన అవసరం పడలేదు, అంతే.

గేరులో ఉంటే ఒరిగేదేమిటి? ఇంజిన్ బ్రేకింగ్ అంటే ఏమిటి?

యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి దాదాపు మూసుకుపోతుంది. లోపల పిస్టన్ మాత్రం కిందికీ పైకీ ఆడుతూనే ఉంటుంది. మూతికి వేలు అడ్డం పెట్టిన సీసాలోంచి గాలి పీల్చి చూడండి, బుగ్గలు నొప్పి పుడతాయి. గాలి పీల్చుకోవడానికి కిందికి దిగిన ప్రతిసారీ పిస్టన్ చేసేది అదే పని. దానికి తోడు ఇంజిన్ లోపలి రాపిడి ఒకటి. బండి గేరులో ఉంటే ఈ కష్టమంతా చైను ద్వారా వెనక చక్రం మీద పడుతుంది, చక్రం వేగం తగ్గుతుంది. గేరు తగ్గించేకొద్దీ చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ ఇంకా ఎక్కువసార్లు తిరగాలి, కాబట్టి పట్టు ఇంకా పెరుగుతుంది.

ఇది మూడో బ్రేకు. అరగదు, కాలిపోదు, ఎంతసేపు వాడినా అలిసిపోదు. న్యూట్రల్ చేశారంటే దాన్ని మీ చేత్తోనే విప్పి పక్కన పెట్టినట్టు.

ముందు బ్రేకు, వెనక బ్రేకు ఉన్నాయి కదా, అవి సరిపోవా?

ఒక మలుపుకి సరిపోతాయి. పది మలుపులకూ సరిపోతాయా అన్నది వేడి మీద ఆధారపడి ఉంటుంది.

చిన్న లెక్క చూడండి. బండి, ఇద్దరు మనుషులు కలిపి 270 కిలోలు అనుకుందాం. ఎత్తులో 100 మీటర్లు కిందికి దిగితే ఆ బరువు వదిలే శక్తి సుమారు 265 కిలోజూళ్లు. మామూలు చల్లటి నీళ్లు ముప్పావు లీటరుకు పైగా మరిగించడానికి సరిపడే వేడి అది. 500 మీటర్ల ఎత్తు దిగితే నాలుగు లీటర్ల నీళ్లు మరిగేంత. నెమ్మదిగా దిగుతున్నప్పుడు గాలి, టైర్ల రాపిడి మింగేది కొంతే. ఇంజిన్ పంచుకోకపోతే మిగతా వేడంతా ముందు చక్రానికుండే ఓ సన్నటి డిస్కులోకి, దాన్ని నొక్కే, అరచేతి వెడల్పు కూడా లేని ప్యాడ్లలోకి, వెనక డ్రమ్ములోకి వెళ్లాలి.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని ఒత్తి ఆపే షూలకు దూరంగా జరుగుతుంది. అందుకే పెడలు మామూలు కంటే లోతుకు పోతుంది. ప్యాడ్లు, షూలు బాగా వేడెక్కితే గట్టిగా పట్టుకున్నా జారుతున్నట్టే ఉంటుంది. డిస్కు బ్రేకులో ఇంకో ప్రమాదం ఉంది. లోపలి బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా తట్టుకోవాలి. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. డాట్ 3 అయితే 205, 140. ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. లివరు హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తుంది, బండి మాత్రం ఆగదు. ఏళ్ల తరబడి బ్రేకు ఆయిలు మార్చని బండిని కొండ మీదికి తీసుకెళ్లొద్దని నేను పదేపదే చెప్పేది అందుకే.

వేగం అంత త్వరగా పెరుగుతుందా?

మనం అనుకునేదానికంటే త్వరగా పెరుగుతుంది. 100 మీటర్లు వెళ్లేసరికి 10 మీటర్లు దిగే వాలు ఉందనుకోండి. ఇద్దరితో గంటకు 30 కి.మీ. వేగంతో వెళ్తూ న్యూట్రల్ చేసి బ్రేకు వదిలేస్తే, పది సెకన్లలో ముల్లు 50 దగ్గరికి వస్తుంది. 30లో ఆగడానికి పట్టే బ్రేకు దూరం కంటే 50లో పట్టేది దాదాపు మూడింతలు. ఇంజిన్ చప్పుడు పెరగదు కాబట్టి చెవి హెచ్చరించదు కూడా. గేరులో ఉంటే వేగం పెరిగినప్పుడల్లా ఇంజిన్ మోత పెరిగి మనల్ని మేలుకొలుపుతుంది. న్యూట్రల్‌లో ఆ మోత ఉండదు.

అవసరమైతే అప్పటికప్పుడు గేరు వేసుకోవచ్చు కదా?

ఇదే నేనూ నమ్మాను. నమ్మకం పోయిన రోజు ఇప్పటికీ బాగా గుర్తుంది.

వెనక నా స్నేహితుడు, అతని ఒళ్లో బరువైన బ్యాగు. ఏడెనిమిది మలుపులు న్యూట్రల్‌లో, కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంచి దిగాను. ఎక్కడినుంచో కాలుతున్న రబ్బరు లాంటి వాసన వస్తోంది. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాను. ఒక ఎడమ మలుపులో ఎదురుగా బస్సు కనిపించింది. పెడలు నొక్కితే మామూలుగా పట్టే చోట పట్టలేదు, ఇంకో అంగుళం కిందికి పోయింది. గాభరాలో క్లచ్ పట్టి గేరు రాడ్డు కిందికి తొక్కాను. న్యూట్రల్ నుంచి కిందికి తొక్కితే పడేది ఫస్టు గేరు. క్లచ్ వదలగానే వెనక టైరు కీచుమని బిగుసుకుపోయింది, బండి తోక రోడ్డుకి అడ్డంగా జరిగింది. ఎలాగో మళ్లీ క్లచ్ పట్టి, ముందు బ్రేకుతో మట్టి అంచున ఆపగలిగాను. వెనక చక్రం మధ్య భాగం, అంటే హబ్ దగ్గర చెయ్యి పెడితే జానెడు దూరం నుంచే సెగ కొట్టింది. నా స్నేహితుడు దిగి రాయి మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కారులో అయితే న్యూట్రల్ నుంచి నేరుగా మూడో గేరులోకి వెళ్లొచ్చు. మోటారు సైకిల్లో గేర్లు మెట్ల వరుస. చాలా బండ్లలో ఫస్టు కింద, దానిపైన న్యూట్రల్, ఆపైన రెండు, మూడు, నాలుగు. 50లో వెళ్తుంటే మీకు కావాల్సింది మూడో, నాలుగో. న్యూట్రల్‌కి ఇటుపక్క ఫస్టు, అటుపక్క రెండు. రెండూ ఆ వేగానికి చిన్నవే. న్యూట్రల్ ఒక చివర ఉండి అన్ని గేర్లూ ముందుకే తొక్కే బండ్లలో ఇంకా ఇబ్బంది, ముందు తగిలేదే ఫస్టు. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇవన్నీ సులువే. ఎదురుగా బస్సు ఉన్నప్పుడు కాలికి లెక్కలు గుర్తుండవు.

పెట్రోలు మాత్రం కచ్చితంగా మిగులుతుంది కదా?

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే బండి అయితే తరచుగా దానికి రివర్స్ జరుగుతుంది. గేరులో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, ఇంజిన్ ఐడ్లింగ్ (ఆగి ఉన్నప్పుడు తిరిగే కనీస వేగం) కంటే బాగా పైన తిరుగుతుంటే చాలా బండ్లలో కంప్యూటర్ పెట్రోలు పోయడమే ఆపేస్తుంది. ఇంజిన్‌ని తిప్పేది చక్రం కాబట్టి దానికి పెట్రోలు అక్కర్లేదు. అదే న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఐడ్లింగ్ పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే పొదుపు చేద్దామని న్యూట్రల్ చేసినవాళ్లే ఎక్కువ ఖర్చు చేస్తున్నారు.

కార్బ్యురేటర్ బండి సంగతి వేరు. అందులో యాక్సిలరేటర్ వదిలినా చిన్న జెట్ ద్వారా పెట్రోలు వెళ్తూనే ఉంటుంది. గేరులో ఇంజిన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి న్యూట్రల్‌లో కొంచెం తక్కువే తాగుతుంది, ఒప్పుకుంటాను. ఎంత తక్కువ? ఐడ్లింగ్‌లో గంటకు పావు లీటరు అనుకున్నా ఐదు నిమిషాల దిగుడుకి 20 మిల్లీలీటర్లు. మిగిలేది అందులో ఏ కొంతో. దగ్గు మందు మూత నిండని పెట్రోలు కోసం ఒక బ్రేకు వదులుకోవడం నాకు సబబుగా అనిపించదు. మైలేజి కావాలంటే టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి, చైను శుభ్రంగా ఉంచండి.

మరి పెద్దవాళ్లు ఎందుకు న్యూట్రల్‌లో దిగమనేవారు? వాళ్లకు తెలియదా?

వాళ్లకు తెలుసు. వాళ్ల బండ్లు వేరు. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఆ సలహా వెనక నిజమైన కారణం ఉంది.

పాత టూ-స్ట్రోక్ బండ్లలో ఇంజిన్‌కి కావాల్సిన ఆయిలు పెట్రోలులోనే కలిపి పోసేవారు, బండిని బట్టి లీటరుకు 20 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా. పెట్రోలు వెళ్తేనే ఆయిలు వెళ్తుంది. కొండ దిగుతూ యాక్సిలరేటర్ మూసేసి గేరులో ఉంచితే ఇంజిన్ గిరగిరా తిరుగుతుంది, పెట్రోలు మాత్రం చుక్కలే, ఆయిలూ చుక్కలే. ఎక్కువసేపు అలా తిరిగితే పిస్టన్ పట్టేసేది. అందుకని మధ్యమధ్యలో క్లచ్ పట్టి కాస్త రేజ్ చేయడం, లేదా న్యూట్రల్ చేయడం అలవాటైంది. స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ తన టూ-స్ట్రోక్ కార్లలో ఇందుకోసమే ఫ్రీవీల్ పెట్టింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజిన్ చక్రాల నుంచి దానంతటదే విడిపోయేది. 1964లో యమహా ఆటోల్యూబ్ పేరుతో విడిగా ఆయిలు పంపు ఉన్న పద్ధతి తెచ్చాక కలిపి పోసే అవసరం తగ్గుతూ వచ్చింది.

నేటి ఫోర్-స్ట్రోక్ బండిలో ఆయిలు పంపుని ఇంజిన్ తిప్పుతుంది. యాక్సిలరేటర్ మూసి ఉన్నా ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే ఆయిలు అంత బాగా పారుతుంది. ఆ సలహాకి ఆధారమైన కారణం పోయింది, సలహా మాత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తూనే ఉంది. మీ దగ్గర పెట్రోలులో ఆయిలు కలిపే పాత బండి ఉంటే, గేరులోనే దిగుతూ అప్పుడప్పుడు ఒక్క క్షణం యాక్సిలరేటర్ ఇవ్వండి, చాలు.

గేరులో దిగితే ఇంజిన్ పాడవదా? ఆ మోత వింటే టెన్షన్ వస్తుంది.

పాడవదు. ఆ మోత ఇంజిన్ బాధపడుతున్న చప్పుడు కాదు. ఎక్కేటప్పుడు అంతకంటే ఎక్కువ భారం మోసింది. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే: ఎక్కువ వేగంలో ఉండగా రెండు మూడు గేర్లు ఒకేసారి తగ్గించి క్లచ్ ఠక్కున వదలకండి. మొదట బ్రేకుతో వేగం తగ్గించి, ఒక్కో గేరు తగ్గిస్తూ, క్లచ్ మెల్లగా వదలండి.

ఏ గేరులో దిగాలి?

ఆ వాలు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులో దిగండి. పాత మాటే, ఇప్పటికీ పనికొస్తుంది. సరైన గేరు పడిందో లేదో తెలుసుకోవడానికి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి చూడండి. స్పీడోమీటరు ముల్లు దాదాపు కదలకుండా నిలబడితే అదే గేరు. పైకి పాకుతుంటే ఒకటి తగ్గించండి. బండి మరీ ఈడ్చినట్టుంటే ఒకటి పెంచండి. గేరు తగ్గించడం దిగుడు మొదలవకముందే చేయాలి, వేగం పుంజుకున్నాక కాదు.

బ్రేకులు మలుపు ముందు గట్టిగా, కొద్దిసేపు వాడి పూర్తిగా వదిలేయండి. వదిలిన ఆ కాసేపట్లోనే గాలి తగిలి చల్లబడతాయి. నేను ఆ రోజు చేసినట్టు పొడుగునా పెడలు మీద కాలు ఆనించి ఉంచితే చల్లబడే అవకాశమే ఉండదు.

ఇంకొకటి. ఇంజిన్ బ్రేకింగ్‌తో వేగం తగ్గుతుంటే వెనక ఎర్ర లైటు వెలగదు. వెనక బండ్లు దగ్గరగా ఉంటే లైటు వెలిగేంత మేర లివరుని తాకించండి.

న్యూట్రల్ చేయను, క్లచ్ పట్టుకుని దిగుతాను. పర్వాలేదా?

చక్రం దృష్టిలో రెండూ ఒకటే, ఇంజిన్ పట్టు రెండింట్లోనూ లేదు. గేరు పడే ఉంటుంది కాబట్టి న్యూట్రల్ కంటే కాస్త నయం. అయినా పొడవాటి దిగుడుకి ఇదీ పనికిరాదు. చెయ్యి నొప్పి పుడుతుంది, క్లచ్ బేరింగు అరుగుతుంది.

ఇంజిన్ ఆపేసి, తాళం తిప్పేసి దిగితే?

దయచేసి చేయకండి. తాళం ఆఫ్ చేస్తే చాలా బండ్లలో బ్రేకు లైటు, హారన్, ఇండికేటర్లు, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్నీ ఆగిపోతాయి. రాత్రయితే హెడ్‌లైటు కూడా. పొరపాటున తాళం ఇంకాస్త తిరిగి హ్యాండిల్ లాక్ పడితే తర్వాత జరిగేది మీ చేతుల్లో ఉండదు. ఫోర్-స్ట్రోక్ బండ్లలో ఎక్కువభాగం గేర్‌బాక్సుకీ ఇంజిన్‌కీ ఆయిలు ఒకటే, పంపు నడిచేది ఇంజిన్‌తో. ఇంజిన్ ఆపి మైళ్లకు మైళ్లు దొర్లిస్తే చక్రంతో పాటు తిరిగే గేర్లకు ఆయిలు సరిగా అందదు.

పెట్రోలు అయిపోయి వేరే దారి లేకపోతే మాత్రం తాళం ఆన్‌లోనే ఉంచి, నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో, రోడ్డు అంచున దిగండి.

మలుపుల్లో తేడా ఏముంటుంది?

మలుపులో బండి నిలకడగా ఉండాలంటే వెనక చక్రానికి కొద్దిగా లాగుడు ఉండాలి. మలుపు మధ్య నుంచి సన్నగా యాక్సిలరేటర్ ఇస్తే బరువు ముందు చక్రం మీంచి కొంత వెనక్కి జరుగుతుంది, బండి గీసిన గీత మీద వెళ్తుంది. న్యూట్రల్‌లో ఇవ్వడానికి ఏమీ లేదు. వేగం పెరుగుతుంటే వాలి ఉన్న బండి మీద బ్రేకు వేయడమొక్కటే మిగులుతుంది. ఇసుక, ఆకులు, తడి ఉన్నచోట బండి కిందపడేది సరిగ్గా అప్పుడే.

వర్షంలో ఇంజిన్ బ్రేకింగ్‌తో వెనక చక్రం జారదా?

మరీ చిన్న గేరులో, క్లచ్ ఒక్కసారిగా వదిలితే జారుతుంది. తడి రోడ్డు మీద ఒక గేరు ఎక్కువలో ఉండి, వేగమే తగ్గించుకుని దిగండి. గేరు తగ్గించినప్పుడు కాస్త జారిపోయే స్లిప్పర్ క్లచ్ ఉన్న బండ్లలో ఈ కుదుపు తక్కువ.

గేర్లు లేని స్కూటర్లు, ఎలక్ట్రిక్ బండ్ల మాటేమిటి?

స్కూటర్‌కి న్యూట్రల్ ఉండదు గానీ దాని క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి తనంతట తానే కలుస్తుంది, విడిపోతుంది. బాగా నెమ్మదిగా వెళ్తుంటే క్లచ్ విడిపోయి, స్కూటర్ న్యూట్రల్‌లో ఉన్నట్టే జారుతుంది. అలా అనిపించగానే చిన్నగా యాక్సిలరేటర్ ఇచ్చి వదలండి. క్లచ్ మళ్లీ కలిసి ఇంజిన్ పట్టు తిరిగి వస్తుంది. గేర్ల బండి అంత పట్టు మాత్రం ఉండదు, అందుకే స్కూటర్ మీద ఇంకా నెమ్మదిగా దిగాలి.

చాలా ఎలక్ట్రిక్ బండ్లలో మోటారే వెనక్కి లాగుతూ బ్యాటరీకి చార్జింగు పంపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ లాగుడు తగ్గవచ్చు. కొండ పైన ఫుల్ చార్జ్ చేసుకుని దిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

దీని మీద చట్టం ఏమైనా ఉందా?

కొన్నిచోట్ల నేరుగా ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా వాహన చట్టంలో 21710వ సెక్షన్ పల్లంలో మోటారు వాహనాన్ని న్యూట్రల్‌లో వదలకూడదని చెబుతుంది. బ్రిటన్ హైవే కోడ్ 122వ నియమం న్యూట్రల్‌లోగానీ క్లచ్ పట్టిగానీ జారనివ్వడం వల్ల అదుపు తగ్గుతుందని కారణాలతో సహా వివరిస్తుంది.

న్యూట్రల్‌లో ఉండగానే బ్రేకు మెత్తబడితే అప్పుడేం చేయాలి?

ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో, ఒకసారి ఇది సాధన చేసి పెట్టుకోండి. ఫస్టు కింద ఉండే బండి అయితే క్లచ్ పూర్తిగా పట్టండి. కాలి వేళ్లు గేరు రాడ్డు కింద పెట్టి పైకి ఎత్తండి, రెండో గేరు. క్లచ్ వదలకుండానే మళ్లీ ఎత్తండి, మూడు. వేగం బాగా ఎక్కువుంటే ఇంకోసారి, నాలుగు. కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజిన్ మోత పెంచి, క్లచ్ మెల్లగా వదలండి. బండి పట్టు చిక్కాక ఒక్కో గేరూ తగ్గించుకుంటూ రండి. కిందికి మాత్రం తొక్కొద్దు. అన్నీ ముందుకే తొక్కే బండి అయితే క్లచ్ పట్టి ఉంచే ఫస్టు, రెండు దాటించి మూడుకి వెళ్లాలి.

అదే సమయంలో డిస్కు బ్రేకు లివరుని టకటకా కొట్టండి, బుడగలున్నా కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. అప్పటికీ ఆగకపోతే కొండవైపు అంచుకి, మట్టి లేదా ఎత్తు ఉన్న వైపుకి తీసుకెళ్లండి. లోయ వైపు వెళ్లకండి.

కిందికి చేరాక బ్రేకుల వాసన వస్తోంది. నీళ్లు పోయొచ్చా?

వద్దు. ఎర్రగా కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకరపోవచ్చు, పగలొచ్చు. సమంగా ఉన్న రోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లు బ్రేకు అవసరం రాకుండా నెమ్మదిగా నడపండి, గాలికి చల్లారుతుంది. తర్వాత ఆపి లివరు నొక్కి చూడండి. చల్లారాక గట్టిపడిందంటే ఆ పూటకి గండం గడిచింది. కానీ దిగేటప్పుడు ఒక్కసారి మెత్తబడిన బ్రేకు ఆయిలుని మార్పించకుండా మళ్లీ కొండ ఎక్కకండి.